ఏ వరహా? ఏ కొళగ? మన ఊరి చరిత్రల్లో బ్రాకెట్ లెక్కల గురించి

మన పక్క ఊర్లలో ఈమధ్య ఒక మంచి అలవాటు మొదలైంది. గుడి జీర్ణోద్ధారం జరిగినా, పెద్ద కుటుంబాల కలయిక జరిగినా, ఒక చిన్న పుస్తకం అచ్చు వేస్తా ఉండారు. ఊరి పుట్టుక, పాత పట్టాలు, కరణాల ఇండ్లలో మిగిలిన కాగితాలు, ముసిలోళ్ళు చెప్పిన మాటలు అన్నీ దాంట్లోకి ఎక్కుతాయి. హోసూరు, డెంకణికోట, కృష్ణగిరి, వేపనపల్లి పక్క ఇట్లాంటివి నాలుగైదు నా చేతికి వచ్చినాయి. రాసినోళ్ళు జీతానికి రాసినోళ్ళు కాదు, ఊరి మీద ఆశతో రాసినోళ్ళు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఒక్క చోట మాత్రం అందరూ ఒకే తప్పు చేస్తా ఉండారు, అది చెప్పకపోతే ఇంకో పదేండ్లకు ఆ తప్పే చరిత్ర అయిపోతాది.

ఆ తప్పు బ్రాకెట్‌లో ఉంటాది. పాత కాగితంలో ఒక మాట వస్తానే పక్కన బ్రాకెట్ తెరిచి ఈ కాలం లెక్క పెట్టేస్తారు. 30 వరహాలు (105 రూపాయలు). 2 కండగల నేల (ఇన్ని ఎకరాలు). 1 మణుగు బెల్లం (37 కిలోలు). చదివేవాడికి అర్థం కావాలని చేసే పనే. కానీ ఆ బ్రాకెట్‌లో సగం అబద్ధం ఉండాది.

ఒక ఉదాహరణ చూస్తాం. నేను చదివిన ఒక పుస్తకంలో ఊరి కందాయం టిప్పు కాలంలో ఎన్ని వరహాలో, కుంఫిణీ కాలంలో కూడా దాదాపు అన్నే వరహాలని పక్కపక్కన పెట్టి, ‘కుంఫిణీ వచ్చినా రైతు మీద భారం పెరగలేదు’ అని తేల్చేసినారు. ఊరు హోసూరు పక్కది. రెండు అంకెలూ సరిగ్గానే ఎత్తి రాసినారు. తేల్చిన మాట మాత్రం తప్పు, ఎందుకంటే ఆ రెండూ ఒకే వరహా కాదు.

మైసూరు సీమలో లెక్కలు రాసింది కంఠీరాయ వరహాల్లో. 17వ శతాబ్దంలో ఏలిన కంఠీరవ నరసరాజ ఒడెయరు చిన్న బంగారు పణాలు అచ్చు వేయించినాడు. అట్లాంటి 10 పణాలు కలిస్తే ఒక కంఠీరాయ వరహా. తమాషా ఏమంటే, ఆ వరహా చేతికి దొరికే నాణెం కాదు, పద్దు పుస్తకంలో ఉండే లెక్క మాత్రమే. దాని విలువ రూపాయల్లో సుమారు 3, ఇంకా కొంచెం తక్కువే. మద్రాసు కుంఫిణీ వరహా వేరే. ఇంగ్లీషు కాగితాల్లో దాన్ని స్టార్ పగోడా అంటారు. దానికి 42 పణాలు, ఒక్కో పణానికి 80 కాసులు. 12 పణాలు ఒక రూపాయి కాబట్టి వరహాకు మూడున్నర రూపాయలు. 1799లో మైసూరు రాజు కుంఫిణీకి ఏటా 7 లక్షల స్టార్ పగోడాలు కట్టాలని ఒప్పందం అయింది, దాన్నే తర్వాత 24 లక్షల 50 వేల రూపాయలు అని రాసినారు. మూడున్నరతో హెచ్చవేసి చూడండి, సరిపోతాది.

ఇప్పుడు ఆ ఊరి కందాయం లెక్కకు వస్తాం. 30 కంఠీరాయ వరహాలంటే 90 రూపాయల లోపు. 30 స్టార్ పగోడాలంటే 105. అంకె మారకుండానే భారం ఆరింట ఒక వంతు పెరిగిపోయింది. ‘పెరగలేదు’ అని రాసిన పుస్తకం చేతిలో పెట్టుకోని, మన పిల్లోళ్ళు రేపు కుంఫిణీ దయ గురించి వ్యాసం రాస్తారు. పదిహేను రూపాయలే కదా అంటారేమో. ఆ పదిహేను రూపాయలు కట్టలేకనే చేను వదిలిపెట్టి పోయిన కుటుంబం ఉండొచ్చు, ఆ కుటుంబం మనదే అయి ఉండొచ్చు.

మన ప్రాంతంలో ఈ చిక్కు ఇంకో మెలిక తిరుగుతాది. బారామహల్, అంటే కృష్ణగిరి పక్క, 1792 శ్రీరంగపట్నం సంధితో కుంఫిణీ చేతికి పోయింది. అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో వచ్చి కందాయం లెక్కలు కట్టింది అప్పుడే. ఘాట్ పైన ఉండే హోసూరు పక్క, వాళ్ళ కాగితాల్లో బాలాఘాట్, 1799లో టిప్పు పోయినాకనే కుంఫిణీకి చేరింది. అంటే ఏడేండ్లు రాయకోట కనుమకు కింద ఒక దొరతనం, పైన ఇంకో దొరతనం. కింద రాసిన వరహా, పైన రాసిన వరహా ఒకే మాట, ఒకే తెలుగు అక్షరాలు, వేరే విలువ. కృష్ణగిరిలో పిల్లనిచ్చి హోసూరు పక్క పిల్లను తెచ్చుకున్న ఇండ్లలో ఆ ఏడేండ్ల కాగితాలు రెండు రకాలవీ ఒకే పెట్టెలో ఉంటాయి. పెట్టెలో ఉండేవన్నీ ఒకే లెక్కతో చదివితే ఎట్ల?

ఇంకో మాట కూడా చెప్పాల. దొరతనం మారిన రోజే సంతలో దుడ్లు మారవు. పాత నాణేలు, కొత్త నాణేలు, పక్క సీమ నాణేలు అన్నీ కలిసి తిరిగేవి. అందుకే సంతలో సరాబు కూర్చోని నాణెం గీసి, తూచి, వట్టం పట్టుకోని మార్చి ఇచ్చేవాడు. కాబట్టి 1799 తర్వాత రాసిన ప్రతి కాగితమూ స్టార్ పగోడాదే అని గుడ్డిగా అనుకోకూడదు. మరి ఎట్ల కనుక్కోవాల?

దీనికి ఒక సులువు ఉండాది. కాగితంలో మొత్తం మూడు గళ్ళుగా రాసుంటారు: వరహా, పణం, కాసు. పణాల గడిలో అంకెలు చూడండి. ఎక్కడైనా 10 గాని, అంతకంటే పెద్ద అంకె గాని వచ్చిందా, అది కంఠీరాయ లెక్క కాదు, ఎందుకంటే ఆ లెక్కలో 10 పణాలు అయితానే ఒక వరహా అయిపోయి పక్క గడిలోకి పోతాది. 41 దాకా అంకెలు వస్తా, కాసుల గడిలో 79 దాకా వస్తా ఉంటే మద్రాసు లెక్క. అట్లనే రూపాయి-అణా-పై లెక్కలో అణాల గడిలో 15 దాటదు, పైల గడిలో 11 దాటదు. ఒక్క పుట చూస్తే తెలియదు, పది పుటలు తిరగేస్తే కాగితమే చెప్తాది తను ఏ సీమదో.

ఒక లెక్క చేసి చూపిస్తా. మద్రాసు లెక్కలో 5 వరహాలు, 21 పణాలు, 40 కాసులు అని ఉండాదనుకోండి. 21 పణాలు సగం వరహా, 40 కాసులు సగం పణం. అయిదున్నర వరహాలకు 19 రూపాయల 4 అణాలు. మిగిలిన సగం పణానికి 8 పైలు. మొత్తం 19 రూపాయల 4 అణాల 8 పైలు. దీన్నే ఒకాయన చుక్కలు పెట్టి 5.2140 అని కంప్యూటర్‌లో ఎక్కించి హెచ్చవేసినాడు. పదింటి లెక్క మన చేతివేళ్ళకు అంత అలవాటైపోయింది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చే దాకా ఈ దేశంలో దుడ్డు పదింట్లో నడవలేదు. 16 అణాలు, 64 కాన్లు, 192 పైలు కలిస్తే ఒక రూపాయి. మా ఇంట్లో పెద్దోళ్ళు అర్ధరూపాయిని ఎనిమిదణాలు అనడం చివరి దాకా మానలేదు. ‘పదహారణాల తెలుగు’ అనే మాట అందరూ వాడతారు, పదహారే ఎందుకో అడిగితే ఈ కాలం పిల్లోళ్ళు మొహాలు చూసుకుంటారు.

ఇంగ్లీషు కాగితాల నుంచి తెలుగు చేసేటప్పుడు జరిగే అన్యాయం ఇంకో రకం. బారామహల్ రికార్డులని మద్రాసు ప్రభుత్వం తర్వాత అచ్చు వేసిన భాగాలు, 1883లో లెఫాను రాసిన సేలం జిల్లా మాన్యువల్, 1918లో రిచర్డ్స్ రాసిన గెజిటీరు, ఇవే మనోళ్ళకు ఆధారాలు. వాటిలో ‘పగోడా’ అని ఉంటే గుడి అనుకోని, ఫలానా దొర ఊరికి ఇన్ని గుళ్ళు ఇచ్చినాడని తెలుగు చేసిన వాక్యం నేను కండ్లారా చూసినా. ‘క్యాష్’ అని ఉంటే నగదు అనుకుంటారు. అది మన కాసు. తెల్లోళ్ళు పలకలేక క్యాష్ అన్నారు, నగదు అనే అర్థం ఉండే ఇంగ్లీషు మాటకూ దానికీ పుట్టుకలో సంబంధమే లేదు. ‘క్యాండీ’ అంటే మిఠాయి కాదు, ఖండి. ‘విస్’ మన వీశె. ‘డబ్’ మన డబ్బు, 20 కాసుల రాగి నాణెం. ‘గార్స్’ మన గరిసె. ఆ గరిసెకు మద్రాసు లెక్కలో 400 మరకాళ్ళు, 3,200 పడులు. ధాన్యం పోసుకునే గరిసె మాట లండన్ పద్దుల దాకా పోయింది. దాన్ని తిరిగి మనమే గుర్తుపట్టకుండా ‘గార్సు’ అని రాస్తే ఎట్లుంటాదో చూడండి.

ఇంక నేల విషయం. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం.

మన పక్క ముసిలోళ్ళు చేనును ఎకరాల్లో చెప్పరు. ‘కొళగ రాగులు పట్టే చేను’, ‘కండగ నేల’ అంటారు. కోస్తాలో పుట్టి, తూము, కుంచం, మానిక అనేచోట మనకు కండగ, కొళగ, బళ్ళ, సేరు. ఒక పుట్టికి 20 తూములు ఉన్నట్ల, ఒక కండగకు 20 కొళగలు. మొదట ఇవి ధాన్యం కొలిచే కొలతలు. అంత విత్తనం చల్లితే ఎంత నేల పడతాదో, ఆ నేలకూ అదే పేరు. ఇక్కడే మన పుస్తకాలు బోర్లా పడతా ఉండాయి. కండగకు ఇన్ని ఎకరాలని ఎక్కడో ఒక చోట దొరికిన అంకెను పట్టుకోని అన్నిటికీ అదే వేస్తా ఉండారు.

మైసూరు దొరతనం తర్వాతి కాలంలో కాగితం మీద ఖాయం చేసిన అంకెలే తీసుకోండి. మెట్ట నేలలో ఒక కండగ అంటే 64,000 చదరపు గజాలు, అంటే 13 ఎకరాల పైన. తరి, తోట నేలలో ఒక కండగ అంటే 10,000 చదరపు గజాలు, రెండెకరాలకు రవ్వంత ఎక్కువ. ఒకే మాట, ఆరింతలకు పైగా తేడా. కారణం సేద్యం చేసినోడికి చెప్పే పని లేదు. మెట్టలో రాగి విత్తనం పలచగా పోతాది, ఒక కొళగతో శానా దూరం నడవొచ్చు. మడిలో వడ్లు ఒత్తుగా చల్లాల, కొళగ గింజలు చిన్న మడికే చాలవు. కొళగ లెక్కకు దింపితే మెట్టలో 66 సెంట్లు, మడిలో 10 సెంట్లు. ఇది మైసూరు కచేరీ ఖాయం చేసిన లెక్క మాత్రమే. 1799 తర్వాత హోసూరు ఆ కచేరీ కింద లేదు, ఊరూరికీ మట్టిని బట్టి, విత్తే చేతిని బట్టి మారేది. చెరువు కింద ‘2 కండగల మాన్యం’ అని ఉండేదాన్ని మెట్ట లెక్కలో 26 ఎకరాలని బ్రాకెట్‌లో వేస్తే, నాలుగెకరాల మాన్యం పూజారి రాత్రికి రాత్రి జమీందారు అయిపోతాడు. ఆ పుస్తకం పట్టుకోని ఎవరో ఒకరు ‘మా తాతలకు 26 ఎకరాలు ఉండె, ఎవరో తినేసినారు’ అని పక్కింటోళ్ళతో జగడానికి పోతే? ఊర్లలో ఇట్లాంటి జగడాలు ఎట్ల మొదలయితాయో మీకు తెలియంది కాదు.

‘కాని’ అనే మాట చూడండి, ఇంకా మజా. తమిళ సీమలో కాని ఒక నేల కొలత, 57,600 చదరపు అడుగులు, ఒక ఎకరా, దాని పైన ఇంకో మూడోవంతు దగ్గర. తెలుగులో కాని అంటే ఒకటిలో 64వ వంతు, అందుకే రూపాయిలో 64వ వంతైన నాణేన్ని కాని అన్నారు. తమిళ లెక్కల్లో కాని అంటే 80వ వంతు. మన ఊర్లలో కరణం తెలుగోడైతే ఒక కాని, తమిళోడైతే ఇంకో కాని. వీసం మాత్రం ఇద్దరికీ 16వ వంతే, దేవుని దయ. ‘కాని’ కనబడితే ఆ కాగితం ఏ భాషలో ఆలోచించినోడు రాసినాడో ముందు చూడాల, లిపి ఏదైనా కానీ.

ఈ కాలంలో కూడా ఈ తంటా పోలేదు. హోసూరులో సెంట్ల లెక్క, అత్తిబెలె దాటితే గుంటల లెక్క. గుంట అంటే 33 అడుగుల చదరం, రెండున్నర సెంట్లు, 40 గుంటలు ఒక ఎకరా. కర్ణాటక కాగితాల్లో గుంటకు మళ్ళీ 16 అణాలు ఉంటాయి. అణా అనేది నాణెం మాత్రమే అనుకున్నోడు ‘3 గుంటల 8 అణాలు’ చూసి అదేమో బాకీ దుడ్డు అనుకుంటాడు.

తూకాల గురించి శానా చెప్పను. సేరు అనే ఒక్క మాటలోనే 24 తులాల కచ్చా సేరు (సుమారు 280 గ్రాములు) ఉండాది, 80 తులాల పక్కా సేరు (933 గ్రాములు) ఉండాది, రాగులు కొలిచే పాత్ర సేరు ఉండాది. మణుగు కూడా అంతే. మన దక్షిణాది మణుగుకు 8 వీశెలు, 11 కిలోల పైన. ఉత్తరాది మణుగు 37 కిలోలు. ఇంటర్నెట్‌లో వెతికితే ముందు వచ్చేది ఆ ఉత్తరాది అంకె. పైన చెప్పిన బెల్లం బ్రాకెట్ ఆడి నుంచి వచ్చిందే. మన ఊరి బెల్లం మూడింతలు అయి కూర్చుంది.

సంవత్సరం కూడా తప్పకుండా చూడాల. మన రెవెన్యూ కాగితాల్లో ఇప్పటికీ ఫసలీ ఉంటాది. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తాది. ఫసలీ 1202 అంటే 1792లో మొదలైన సంవత్సరం, సరిగ్గా బారామహల్ చేతులు మారిన కాలం. ఫసలీ సగంలో మొదలయితాది కాబట్టి ఒక ఏడు అటూ ఇటూ అయితే ఏ వరహా అనేదే మారిపోతాది.

మరి బ్రాకెట్లు అసలు వద్దా అంటే, వద్దని కాదు. మూలంలో ఉండే మాటను చెరిపేసి మన లెక్కను దాని స్థానంలో పెట్టొద్దంటా ఉండా. ఒక పుస్తకంలో అయితే కొళగ, కండగ మాటలే ఎత్తేసి అన్నీ కిలోలు, ఎకరాలు చేసి అచ్చు వేసినారు. చదవడానికి సులువుగా ఉండాది. కానీ ఆ కాగితం కొళగ అనింది, తూము అనలేదు, మరకాలు అనలేదు. అది ఘాట్ పైన, మైసూరు గాలి తగిలిన తెలుగు. పడి, మరకాలు అని ఉంటే కింద కృష్ణగిరి, తిరుప్పత్తూరు దిక్కు తమిళం తగిలిన తెలుగు. తేదీ చిరిగిపోయిన కాగితంలో కూడా ఈ కొలత మాట ఒక్కటి మిగిలితే అది ఏ సంతకు చెందిందో చెప్పొచ్చు. మన యాస చరిత్రకు శాసనాలు తక్కువ, ఇట్లాంటి మాటలే శాసనాలు. వాటిని ఎకరాలు చేసి పారేసినోళ్ళు ఒక ఆధారాన్ని మింగేసినారు.

ఇంకో అభ్యంతరం. ‘అప్పుడు రూపాయికి ఇంత వచ్చేది, ఇప్పటి లెక్కలో ఇన్ని లక్షలు’ అని బంగారం ధరతో పోల్చి రాయడం ఒక జబ్బు అయిపోయింది. మన పక్క కూలి శానా కాలం రాగుల్లోనే ఇచ్చినారు, చేతికి దుడ్డు అరుదు. అట్లాంటి ఇంటికి కందాయం రూపాయి అంటే దాన్ని బంగారంతో తూచి లాభం లేదు. ఆ రూపాయి కోసం ఎన్ని సేర్ల రాగులు సంతకు మోసినారో, ఆ రాగులు ఇంట్లో ఉండి ఉంటే ఎన్ని దినాలు సంకటి అయ్యేదో చూడాల. ఆ ధరలు అదే కాగితాల కట్టలో ఇంకో పుటలో దొరకొచ్చు. వెతకాల. దొరక్కపోతే బ్రాకెట్ ఖాళీగా వదిలేయడం మర్యాద.

లెఫాను, రిచర్డ్స్ మాదిరి వాళ్ళ పుస్తకాలను కూడా నేను దేవుని వాక్కు అనుకోను. గెజిటీర్లలో తూనికల పట్టికలు శుభ్రంగా ఉంటాయి, ఇంత వీశె ఇంత పౌను అని. కచేరీకి శుభ్రత కావాల, సంతకు అక్కర లేదు. అదే కొళగతో కొలిచినా, పైన రాశిగా పోసి కొలిస్తే ఒక లెక్క, చేత్తో చదును చేసి కొలిస్తే ఇంకో లెక్క. అప్పిచ్చేటప్పుడు చదును, తిరిగి తీసుకునేటప్పుడు రాశి, ఇట్ల కొలిచిన షావుకార్ల కథలు మన ఇండ్లలో ఎన్ని లేవు? ఆ తేడా ఏ పట్టికలోకీ ఎక్కదు.

అందుకే ఒక పని అడగతా ఉండా. బేరిగె, బాగలూరు, తళి, కెలమంగలం, శూలగిరి పక్క ఎవరి ఇంట్లోనైనా పాత కొళగ, బళ్ళ, సేరు అటక మీద ఉంటే దించండి. దాంట్లో ముందు నీళ్ళు పోసి ఎన్ని లీటర్లో రాయండి. తర్వాత రాగులు చదునుగా పోసి తూచండి, మళ్ళీ రాశిగా పోసి తూచండి. పాత్ర మీద ముద్ర ఉంటే ఫోటో తీయండి. మీ ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారో, కొళగ అంటారా, కొలగ అంటారా, ఎట్ల పలుకుతారో అట్లనే రాయండి, పుస్తకం తెలుగులోకి దిద్దొద్దు. ఊరి పేరు, ఇంట్లో అది ఎన్ని తరాల నుంచి ఉండాదో కూడా చేర్చండి. వడ్లతో కాదు, రాగులతోనే తూచండి, లేకపోతే మళ్ళీ ఇంకో బ్రాకెట్ కావాల్సి వస్తాది.